వరదగుడి కట్టిన బిళ్ళ

పోయిన వారం మనం డాక్టర్ గురునాథరావు గారి గదిలో ఆగాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఈ కిడ్నీని ఒళ్ళు వద్దంటోందమ్మా" అన్నారు. ఒళ్ళు మా వదిన వరహాలుది. కిడ్నీ మా ఆయనది.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కంగారుపడకండి. మా ఆయన గవర్రాజు పోర్టులో, ఇనుప ఖనిజాన్ని ఓడల్లోకి ఎక్కించే ప్లాంటులో పనిచేస్తారు. ఆయనకు ఒక్కతే అక్క. ఆమె కిడ్నీలు రెండూ పాడైతే, వేలూరు వెళ్ళి తన కిడ్నీ ఒకటి తీయించి ఆమెకు పెట్టించారు. పెళ్ళిచూపులనాడు కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, "నాకు ఒకటే ఉందండి, ముందే సెప్తన్నాను, ఆలోచించుకోండి" అన్నారు. మా నాన్నగారు ఆలోచనలో పడ్డారు. నేను పడలేదు. అక్కకు కిడ్నీ ఇచ్చినవాడు పెళ్ళానికి సినిమా చూపించడానికి వెనకాడతాడా అనుకున్నాను. వెనకాడటం లేదు. అలా గోపాలపట్నంలో పెరిగిన నేను పెందుర్తి కోడలినయ్యాను.

పెళ్ళయిన మర్నాడే వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఒలే నాగమణీ, నీ మొగుడిలో సగం నా కాడే ఉంది. నాతో సూసి మాటాడు" అని బెదిరించింది. ఆ రోజు నుంచీ ఆమెకు జ్వరం వస్తే నాకు ఇద్దరి గురించి భయం.

జ్వరం వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా మూత్రంలో చీము కనిపిస్తోంది. చీము ఉంటే అక్కడ సూక్ష్మజీవి ఉండాలి. అది ఏదో తెలుసుకోవడానికి మూత్రాన్ని కల్చర్‌కు పంపితే, ప్రతిసారీ ఒకటే జవాబు: ఏమీ పెరగలేదు. గుడ్డిగా ఏవో మాత్రలు ఇచ్చేవారు, జ్వరం తగ్గేది, మళ్ళీ వచ్చేది. ఈలోగా రక్తపరీక్షలో కిడ్నీ పని మందగిస్తోందని తేలింది. సూక్ష్మజీవి లేదు కాబట్టి ఇది ఒళ్ళు కిడ్నీ మీద చేస్తున్న యుద్ధమే అయ్యుంటుందని గురునాథరావు గారు తేల్చారు. సోమవారం నుంచి స్టెరాయిడ్ ఇంజక్షన్లు, పెద్ద డోసు. దానికీ లొంగకపోతే కిడ్నీ తీసెయ్యాలి. తీసేస్తే ఇంకొకటి ఇచ్చేవాళ్ళు లేరు. మా అత్తగారికి బీపీ. మా ఆయన దగ్గర ఇంకొకటి మిగల్లేదు.

"పొద్దున్నే మొదటి మూత్రం ఒకసారి తీసుకురండి. కల్చర్‌కు మళ్ళీ పంపుదాం. లాంఛనం అనుకోండి" అన్నారు. లాబొరేటరీ సీసా ఒకటి మా అత్తగారి చేతిలో పెట్టారు. పోయిన భాగం అక్కడికి అయిపోయింది.

ఇక సోమవారం.

పెళ్ళయ్యాక నాకు పొద్దున్నలంటే ఇష్టం పట్టుకుంది. అగ్గిపుల్ల గీయగానే నీలంగా పూలదండలా వెలిగే గ్యాస్ స్టవ్ ఒకటి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషి చొక్కా మీద ఎర్రటి ఖనిజం దుమ్ము ఒకటి. ఆ చొక్కాను బకెట్లో వేసినప్పుడు నీళ్ళు గోరింటాకు రుబ్బినట్టు ఎర్రబడతాయి. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు. ఆ రోజు వదినను నర్సింగ్ హోమ్‌లో చేర్పించాలి. మనసంతా బరువుగానే ఉంది. అయినా బకెట్లో రంగు చూడకుండా ఉండలేకపోయాను. అందుకే పెరట్లోకి వెళ్ళాను.

మా అత్తగారు చిట్టెమ్మ గారు కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని లాబొరేటరీ సీసా కడుగుతున్నారు. కడగడమంటే మామూలుగా కాదు. ముందు బూడిదతో, తర్వాత సబ్బుతో, ఆ తర్వాత కాగిన నీళ్ళతో. ఆఖరికి పక్కనున్న గోధుమరంగు సీసా మూత తీసి ఒక చుక్క వేశారు. సీసాలో నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. ఆమె మూడు వేళ్ళతో సీసాను గుండ్రంగా తిప్పి, ఒంపేసి, కాస్త తడి ఉండగానే మూత బిగించారు.

నా చేతిలోంచి చొక్కా జారి కింద పడింది.

"అత్తయ్యా, అదేంటి వేశారు?"

"డెట్టాలు."

"అందులో ఎందుకు వేశారు?"

"ఎందుకేటి? పెద్ద డాట్రు బావు సేతిలో పడే సీసా. మురికిగా పంపుతామేటి? ఎవులెవులు వాడినారో ఏటో."

"వాళ్ళు ఉడకబెట్టే ఇస్తారు అత్తయ్యా, దాని మూతే తియ్యకూడదు. ప్రతిసారీ ఇలాగే వేశారా?"

"నేకపోతే? ఏలూరు నర్సమ్మ నా సేయి పట్టుకుని సెప్పినాది. మీ గుంట ముట్టుకున్నదల్లా డెట్టాలుతో కడగాల, నేకపోతే కిడ్నీ పోద్ది అన్నాది. తలుపు గొళ్ళెం కడుగుతన్నాను. కంచం కడుగుతన్నాను. నిమ్మకాయలు కడుగుతన్నాను. సీసా ఒక్కటీ వొగ్గీమంటావా?"

వేలూరును ఆమె ఏలూరు అంటారు. నాకు అప్పుడు నవ్వు రాలేదు. బీయస్సీలో మైక్రోబయాలజీ ప్రాక్టికల్సు గుర్తొచ్చాయి. గాజు పళ్ళెంలో సూక్ష్మజీవులను పెంచుతుంటే, ఒక చుక్క డెట్టాలు పడితే చాలు, పళ్ళెమంతా అద్దంలా ఖాళీ అయిపోయేది. వదిన కల్చర్‌లో కూడా ఏమీ పెరగలేదు. ఎలా పెరుగుతుంది? దారిలోనే చంపి పంపుతున్నాం.

"అత్తయ్యా, డాక్టరుగారు వెతుకుతున్నది ఆ పురుగునే. అది బతికుండి వెళ్తేనే దాని పేరు తెలుస్తుంది, ఏ మందుకు చస్తుందో తెలుస్తుంది. మనం సీసాలోనే చంపేస్తున్నాం. వాళ్ళకేమో ఏమీ లేదని కనిపిస్తోంది."

ఆమె లేచి నిలబడ్డారు. చీర కుచ్చిళ్ళు తడిసి పాదాలకు అంటుకున్నాయి.

"అంటే ఏటంటన్నావు? నాను నా కూతురి కిడ్నీ పాడు సేత్తన్నానంటావా?"

"అలా అనలేదు అత్తయ్యా."

"పెళ్ళయి మూడ్నెల్లు కాలేదు. పసుపుతాడు ఇంకా ఎలవనేదు. నాకు కడగడం నేర్పుతావేటి? ఆ గుంటని నెలల తరబడి సంటిబిడ్డలా సూసినాను. నువ్వెక్కడున్నావప్పుడు? కాలేజీలో కూకుని కప్పల్ని కోత్తన్నావు."

"కప్పలు జువాలజీ వాళ్ళవి అత్తయ్యా, నావి పురుగులు" అన్నాను. అనకూడని సమయంలో అనకూడని మాటలు అనడం నాకు పుట్టుకతో వచ్చింది.

అప్పుడే వదిన దొడ్డి గుమ్మంలోకి వచ్చింది. జ్వరానికి ముఖం ఉబ్బి ఉంది. "ఏటే అమ్మా, పొద్దున్నే నా ఉచ్చకి పంచాయితీ ఎట్టినారు? సీసా ఇటివ్వు, నాను ఆగనేను."

"వదినా, వెళ్ళకు!" అని అరిచాను. పక్కింటి వాళ్ళు గోడ మీదుగా చూశారు. "ఒక్క చుక్క కూడా పొయ్యకు. ఈ సీసా వద్దు. నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి కొత్త సీసాలో ఇద్దువుగాని."

"మారాణిపేట దాకానా?" వదిన నా వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను. "పిచ్చెక్కినాదేటే నీకు?"

ఎందుకో చెప్పాను. రెండు ముక్కల్లో చెప్పాను, కంగారులో ఏడుస్తూ చెప్పాను. ఈ రోజు గాని సూక్ష్మజీవి దొరక్కుండా ఆ ఇంజక్షన్లు మొదలుపెడితే, అవి ఒంటికి కాపలా కాసేవాళ్ళను నిద్రపుచ్చుతాయి. కాపలా లేని ఇంట్లో దొంగ ఇంకా లోపలే ఉన్నాడు. వదిన వింది. తల్లి వైపు చూసింది. మా అత్తగారు చేతికి అంటిన తెల్లటి నీళ్ళ మరకను చీరకు తుడుచుకుంటున్నారు, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నారు.

"సర్లే" అంది వదిన. "బేగి బండి కట్టండి."

బండి అంటే, వదిన భర్త ఎల్లారావు అన్నయ్య తెచ్చిన వ్యాను. ఆయన ఆటోనగర్‌లో మెకానిక్. స్టీలు ప్లాంటు కాంట్రాక్టరు ఎవరో రిపేరుకు ఇచ్చిన వ్యానును ఆసుపత్రి పని కదా అని నడుపుకొచ్చారు. ఇంజను బాగుచేశారు, స్ప్రింగులు ఇంకా వెయ్యలేదు. ఆ సంగతి మొదటి గోతిలో తెలిసింది.

పెందుర్తి నుంచి మహారాణిపేట దాకా వదిన ప్రతి గోతికీ ఒకరిని తిట్టింది. ముందు నన్ను, తర్వాత మొగుణ్ణి, తర్వాత మున్సిపాలిటీని. మా గోపాలపట్నం దాటుతుంటే మా నాన్నగారిని కూడా తిట్టింది. ఇలాంటి కూతుర్ని కన్నందుకు. అంతలో రైలు గేటు పడింది. గూడ్సు బండి, కిరండూల్ నుంచి ఖనిజం తెచ్చేది. ఒక్కొక్క వ్యాగనూ పెళ్ళికూతురిలా నడుస్తోంది.

"ఈ బండి ఎక్కడికెళ్తన్నాదిరా?" అంది వదిన పళ్ళు బిగించి.

అక్కను అప్పా అని పిలిచే మా ఆయన ముందు సీట్లో తల గోక్కున్నారు. "మా పోర్టుకే అప్పా."

"ఓలమ్మో! కిడ్నీ ఇచ్చినట్టే ఇచ్చి, గేటు కాడ పట్టీసినాడమ్మా నా తమ్ముడు!"

"నవ్వించకు అప్పా, నవ్వితే నీకే కష్టం."

"గవర్రాజూ, నువ్వు మాటాడకు, ఊరుకో" అన్నారు ఎల్లారావు అన్నయ్య, స్టీరింగు మీద తల ఆనించి నవ్వు దాచుకుంటూ. వదిన నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. నేనూ నవ్వాను. ఏం చెయ్యను, అంత భయంలోనూ నవ్వొచ్చింది. మా అత్తగారు ఒక్కరే నవ్వలేదు. కడిగిన సీసాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మూసి కూర్చున్నారు. దారంతా అది వదల్లేదు.

నర్సింగ్ హోమ్ మెట్లు వదిన ఎలా ఎక్కిందో నేను రాయను. కొత్త సీసా దొరికింది. శుభ్రమైన నీళ్ళతో కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టాలని చెప్పాను. వదిన బయటికి వచ్చి, "నీ పురుగుని పువ్వుల్లో పెట్టి తెచ్చినాను, తీస్కో" అని సీసా ఇచ్చి గోడకు చేరగిలబడింది.

గురునాథరావు గారి గదిలో ఇంజక్షన్లు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

ఏం చెప్పాలో దారంతా అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు మా అత్తగారు ముందుకు వెళ్ళి చేతిలోని సీసా ఆయన ముందు పెట్టారు.

"నానే ఏసినాను బావూ. డెట్టాలు. పంపినప్పుడల్లా ఏసినాను. ఈ గుంట సెప్పేదాకా నాకు తెల్దు. ఏటన్నా అంటే నన్నను, నా కోడల్ని అనకు."

డాక్టరుగారు సీసా మూత తీసి వాసన చూశారు. మళ్ళీ చూశారు. ఆ ఆసుపత్రిలో నేలకూ గోడకూ మంచానికీ అదే వాసన. సీసాలోంచి వస్తే మాత్రం ఎవరికి అనుమానం వస్తుంది? ఆయన ముఖం ఎర్రబడింది. అరుస్తారనుకున్నాను. అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మా, ఇంత శుభ్రమైన మనిషిని నా సర్వీసులో చూడలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నువ్వేం చదివావు?"

"బీయస్సీ అండీ. మైక్రోబయాలజీ ఒక సబ్జెక్టు."

"ఫస్టు క్లాసా?"

"సెకండ్ క్లాసండీ."

"సరే, సెకండ్ క్లాసు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"పళ్ళెం మీద ఏం పెరుగుతుందో తెలిసేదాకా ఈ ఇంజక్షన్లు ఆపండి సార్."

"దానికి రెండు రోజులు పడుతుంది. నువ్వు చెప్పిందే నిజమైతే మంచిదే. కాకపోతే? నిజంగా ఒళ్ళే వద్దంటుంటే, ఈ రెండు రోజుల్లో కిడ్నీ చేయి దాటిపోతుంది. మళ్ళీ రాదు. ఆ పూచీ నీదా?"

పుస్తకంలో చదివింది వేరు, ఆ మాట ముందు నిలబడటం వేరు. మా ఆయన నా పక్కకు వచ్చారు. షిఫ్టు దిగి నిద్ర కూడా పోలేదు, చెవుల వెనక ఎర్ర దుమ్ము అలాగే ఉంది.

"నా కిడ్నీ సార్. నాను సెప్తన్నాను. ఆగండి."

"ఇచ్చీసినాక నీదేట్రా?" గుమ్మంలోంచి వదిన గొంతు. నర్సు పట్టుకుంటే విదిలించుకుని లోపలికి వచ్చింది. "నా కడుపులో ఉన్నాది నాది. నానే సెప్పాల. సార్, మా మరదలు నన్ను అంత దూరం ఆపి తెచ్చినాది. ఆ పళ్ళెం సూడకుండా నాను ఏ సూదీ ఏయించుకోను."

గురునాథరావు గారు అందరినీ చూశారు. ఇంజక్షన్లను సొరుగులో పెట్టి తాళం వేశారు.

ఆ రెండు రోజులూ ఎలా గడిచాయో అడగకండి. వదినకు జ్వరం తగ్గలేదు. మా అత్తగారు ముద్ద ముట్టలేదు. నేను కూడా రెండోసారి, మూడోసారి ఆలోచించాను. ఒకవేళ నేను తప్పయితే? ఒకవేళ నిజంగానే అక్కడ ఏ పురుగూ లేకపోతే? మా ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, నా పక్కన బల్ల మీద కూర్చుని, పొట్లంలో తెచ్చిన వేరుశెనక్కాయలు ఒలిచి నా చేతిలో పోసేవారు. ఆయన్ను ఎందుకు పెళ్ళి చేసుకున్నానో నాకు ఆ బల్ల మీద ఇంకోసారి తెలిసింది.

మొదటి రోజు గడిచాక లాబొరేటరీ నుంచి ఒక మాట వచ్చింది: "పెరుగుతోంది." నేను ఎగిరి గంతేశాను. కూతురి ఒంట్లో పురుగు ఉందని సంతోషించే మనిషిని మా అత్తగారు మొదటిసారి చూశారు. తర్వాత, ఆమెకు కూడా అర్థమై, కళ్ళు తుడుచుకున్నారు.

బుధవారం పొద్దున్న డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. "రా, సెకండ్ క్లాసూ, నీ నేరస్థుణ్ణి చూద్దువుగాని."

కిటికీ వెలుతురులో పళ్ళెం పట్టుకున్నారు. దాని మీద తేనె పూసినట్టు జిగురుగా, మెరుస్తూ పరుచుకుని ఉంది సూక్ష్మజీవి. క్లెబ్సియెల్లా. దాని మీద చిన్న చిన్న కాగితపు బిళ్ళలు గుండ్రంగా అమర్చి ఉన్నాయి. ఒక్కొక్క బిళ్ళలో ఒక్కొక్క మందు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ సూక్ష్మజీవి చచ్చి, ఖాళీగా ఒక వలయం కనిపించాలి. వానాకాలం చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు.

మొదటి బిళ్ళ చుట్టూ ఏమీ లేదు. సూక్ష్మజీవి బిళ్ళ అంచుదాకా పాకి, దాన్ని ఒరుసుకుని పెరిగింది. రెండో బిళ్ళా అంతే. మూడోదీ అంతే. వదిన మింగిన మాత్రలన్నీ ఆ బిళ్ళల్లో ఉన్నాయి, ఒక్కటీ దాన్ని అంగుళం కదిలించలేదు.

"చూశావా" అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు. కష్టపడి పట్టుకున్న దొంగ మీద ఉండే గౌరవం లాంటిదేదో ఉంది. "మనమే పాఠం చెప్పాం దీనికి. జ్వరం తగ్గగానే మాత్ర ఆపడం, మిగిలినవి తేరుకోవడం, మళ్ళీ ఇంకో మాత్ర. చావకుండా మిగిలినదల్లా ఒక్కో మందునూ నేర్చుకుంది. ఇప్పుడు పళ్ళెం తిప్పు."

తిప్పాను.

అటువైపు అంచున ఒక్క బిళ్ళ. దాని చుట్టూ తెల్లటి, గుండ్రటి, చక్కటి ఖాళీ. నిండుగా, ఎక్కడా చెదరకుండా వరదగుడి.

"అమికాసిన్" అన్నారాయన.

నేను ఆ పళ్ళెం పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. ఆయన చూడనట్టు కిటికీ వైపు తిరిగి, చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారు. ఈ మందు సూక్ష్మజీవిని చంపుతుంది గాని, చెయ్యి జారితే కిడ్నీనే దెబ్బ తీస్తుంది. అందుకని కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసుకుంటూ, డోసు తగ్గించి, డోసుకూ డోసుకూ మధ్య ఎడం పెంచి ఇవ్వాలి. "కానీ ఒకసారి మొదలుపెట్టాక పూర్తయ్యేదాకా ఆపకూడదు. మధ్యలో వదిలితే దీన్ని కూడా నేర్చుకుంటుంది. ఆ తర్వాత నా దగ్గర ఇంకో బిళ్ళ లేదు."

మందు కోసం ఎల్లారావు అన్నయ్య స్ప్రింగుల్లేని వ్యానులో ఊరంతా తిరిగి, జగదాంబ దగ్గర ఒక షాపులో పట్టుకొచ్చారు. ఆ సాయంత్రమే మొదటి ఇంజక్షన్ పడింది.

గురువారం జ్వరం కొంచెం దిగింది. మేం నమ్మలేదు. ఇదివరకూ దిగింది కదా. శుక్రవారం పొద్దున్న నర్సు థర్మామీటరు చూసి, విదిలించి, మళ్ళీ పెట్టి, మళ్ళీ చూసి, "నార్మల్" అంది. వదిన లేచి కూర్చుని, "నెత్తళ్ళ ఏపుడు గావాల నాకు" అంది. నేను చచ్చేదాకా ఇంత గొప్ప వాక్యం మళ్ళీ వినను.

ఆ మధ్యాహ్నం రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీ మళ్ళీ తన పని అందుకుంది. గురునాథరావు గారు ఆ కాగితం పట్టుకుని వరండా అంతా తిరిగారు. పక్క గదిలో ఎముకల డాక్టరు గారికి చూపించారు. ఆయనకు దాంతో ఏం పనో నాకు తెలీదు. మా ఆయన చొక్కా పైకెత్తి, పక్కటెముకల కింద తన కుట్ల మచ్చ మీద చెయ్యి వేసుకుని, "సెబాసురా! బాగా పన్జేత్తన్నావ్" అన్నారు, అక్కడ లేని కిడ్నీతో. వదిన తలగడ విసిరింది.

మా అత్తగారి సంగతి చెప్పకపోతే పాపం. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని, చేతిలో సీసాతో వచ్చే ప్రతి మనిషినీ ఆపడం మొదలుపెట్టారు. "ఓలమ్మా, ఆ సీసా కడిగినావేటి? కడక్కు! నాను కడిగీసి నా కూతుర్ని సంపుకోబోనాను. అలాగే తీస్కెల్లు, అలాగే!" ఒక పెద్దమనిషి, సూటూ బూటూ, ఏదో పేద్ద ఆఫీసరు, ఆమె గద్దింపుకి బెదిరి సీసా వెనక్కి ఇచ్చి కొత్తది అడిగాడు. ఆయన దాన్ని కుళాయి కింద పెట్టి కడిగాడట. లాబొరేటరీ వాళ్ళు మా అత్తగారికి టీ పంపించారు.

సాయంత్రం ఆమె నా పక్కన కూర్చుని, నా జడలో చామంతులు సర్దుతూ, "కప్పల్ని కోత్తన్నావన్నాను నిన్ను" అన్నారు.

"పర్వాలేదు అత్తయ్యా."

"పర్వానేదేటి? ఇంటికెళ్ళాక ఆ నిమ్మకాయలకి డెట్టాలు మానీమంటావా, ఉంచీమంటావా? సదువుకున్నదానివి, సెప్పు."

"నిమ్మకాయలకు వద్దు అత్తయ్యా. చేతులకు ఉంచండి."

ఆమె తల ఊపారు. ఆ ఊపులో నాకు ఇల్లాలి పదవి దక్కింది. గోపాలపట్నంలో మా అమ్మకు ఈ సంగతి ఎప్పుడు చెబుదామా అని నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మా ఆయన బీచ్ రోడ్డు దాకా తీసుకెళ్ళి, కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిపెట్టారు. బయటి హార్బరు దగ్గర ఓడ ఒకటి కదిలింది. అందులో ఆయన ఎక్కించిన ఖనిజం ఉందట. "అదిగో నాది" అన్నారు. "అక్కడ మంచం మీద ఉన్నది కూడా మీదే" అన్నాను. నిమ్మకాయా ఉప్పూ కారం రాసిన ఆ పొత్తు అంత రుచిగా ఇంకెప్పుడూ లేదు.

తిరిగొచ్చేసరికి వదిన ఒక్కతే గదిలో ఉంది. నన్ను చూసి, "తలుపు ముయ్యి" అంది.

మూశాను. వదిన నవ్వుతోంది. ఆ నవ్వు నాకు కొత్త. ఏదో దొంగిలించి కొంగులో దాచుకున్న పిల్ల నవ్వు. నా చెయ్యి లాక్కుని తన పొట్ట మీద, కిడ్నీ కుట్టిన చోటుకు కాస్త పక్కగా పెట్టుకుంది.

"నీ మొగుడి కిడ్నీ ఒక్కటే నేదిక్కడ" అంది మెల్లగా. "రెండు నెలలైనాది."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమై, ఆమెను కావలించుకోబోయి, సగంలో ఆగిపోయాను.

"డాక్టరుగారికి తెలుసా?"

"తెల్దు. నీ అన్నయ్యకీ తెల్దు. బిడ్డ మాట ఎత్తొద్దని ఏలూరులో సెప్పినారు. నాకు ఏళ్ళ తరబడి నెల నెలా సరిగ్గా రానేదు, ఎవులూ అడగనేదు, నానూ సెప్పనేదు. జ్వరంలో పోద్దేమోననుకున్నాను. ఉన్నాది నాగమణీ. గట్టిగా పట్టుకుని ఉన్నాది. సెప్పకే. సెప్తే తీయించీమంటారు."

ఆమె కళ్ళల్లో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. నా కళ్ళల్లో ఏముందో ఆమెకు కనిపించకుండా తల తిప్పుకున్నాను.

తలుపు తట్టి నర్సు వచ్చింది, చేతిలో ట్రే. ప్రతి ఇంజక్షన్‌కూ ముందు చేసినట్టే, చేతి గడియారం విప్పి వదిన చెవి దగ్గర పెట్టి, "టిక్ టిక్ వినిపిస్తోందా?" అని అడిగింది. ఈ మందు చెవులను తినేస్తుందట, అందుకు. వదిన తల ఊపింది. ఊపుతూనే నా వైపు చూసింది, నోరు మెదపొద్దన్నట్టు.

పెద్దవాళ్ళ చెవులకే ఇంత భయమైతే, ఇంకా చెవులు కట్టని బిడ్డకు?

చెబితే ఇంజక్షన్ ఆపుతారు. ఆపితే పళ్ళెంలోని ఆ ఒక్క వరదగుడి కూడా మూసుకుపోతుంది, కిడ్నీ పోతుంది, వదిన పోతుంది. చెప్పకపోతే, ఆమె నా చెయ్యి మీద చెయ్యి వేసి దాచుకున్నది ఏమవుతుందో నాకు తెలీదు.

నర్సు మందును సిరంజిలోకి లాగి, గాలి తీసి, దూదితో వదిన చెయ్యి తుడిచింది. వదిన వేళ్ళు నా మణికట్టును బిగించాయి.

"సిస్టర్, ఒక్క నిమిషం" అన్నాను.